గవర్రాజు గోడకు కొట్టిన మేకు

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది.

మొగిలివారిపాలెంలో గవర్రాజు అనే పాలకేంద్రం ఉద్యోగి ఉండేవాడు. పందెంలో పరుగెత్తడం అతనికి ఎంత ఇష్టమో, ఓడిపోయాక ఆ తప్పు ఎవరిదో తేల్చడం అంతకంటే ఇష్టం.

అయితే ముందు ఆ పందెం సంగతి చెప్పాలి. చెప్పకపోతే సంఘం అధ్యక్షుడికి కోపం వస్తుంది. ఏటా ఫిబ్రవరి మొదటి ఆదివారం మండల యువజన సంఘం వాళ్లు కాలవగట్టు మీద పది కిలోమీటర్ల పరుగు పెట్టేవారు. ఆ యువజన సంఘం అధ్యక్షుడికి అరవై రెండేళ్లు. ఆయన పొద్దున్న ఆరింటికి పరుగు అని చెప్పి, ఏడింటి దాకా ఆరోగ్యం గురించి ఉపన్యాసం ఇచ్చేవాడు. అది వింటూ ఇద్దరు ముగ్గురు కళ్లు తిరిగి పడిపోయేవారు. వాళ్లకు గ్లూకోజు నీళ్లు పట్టేదీ ఆయనే.

మొదటి మూడు కప్పులూ పోలీసు ఉద్యోగాలకు తయారయ్యే కుర్రాళ్లు పట్టుకుపోయేవారు. వాటి మీద ఎవరికీ ఆశ ఉండేది కాదు. మిగతావాళ్లలో గంటా పావు లోపల హైస్కూలు మైదానం చేరిన ప్రతివారికీ నీలం రిబ్బనుతో ఒక ఇత్తడి పతకం ఇచ్చేవారు. గవర్రాజుకు కావలసింది ఆ పతకం.

మొదటిసారి పేరు ఇచ్చినరోజే అతను ముందుగదిలో, తలుపు తియ్యగానే కనిపించేచోట, గోడకు ఒక మేకు కొట్టాడు.

"దీనికి పతకం తప్ప ఇంకేదీ తగిలించకూడదు" అని ఇంట్లో ప్రకటించాడు.

"ఎప్పుడు తగిలిస్తావు నాన్నా?" అని ఏడేళ్ల కూతురు జాహ్నవి అడిగింది.

"ఆదివారం సాయంత్రం" అన్నాడు గవర్రాజు.

ఆ ఆదివారం వచ్చింది, పోయింది. తప్పు బూట్లదని తేలింది. చిలకపచ్చ రంగు బూట్లు. ఒక సైజు చిన్నవి. "ఆ షాపువాడు నా కాలు చూడలేదు, నా మొహం చూసి ఇచ్చాడు" అని గవర్రాజు నెలరోజులు మండిపడ్డాడు. రెండో ఏడు తప్పు కుక్కది. "నూటపదిమందిని వదిలేసి నన్నే ఎందుకు తరిమింది? ఎవరో ఉసిగొల్పారు!" అన్నాడు.

"కుక్క తరిమితే ఇంకా ముందు రావాలి కదండీ?" అంది భార్య మంగతాయారు. ఆ మాటకు అతను రెండురోజులు ఆమెతో మాట్లాడలేదు.

మూడో ఏడు తప్పు అధ్యక్షుడి ఉపన్యాసానిది. గంటసేపు నిలబెడితే కాళ్లు బిగుసుకుపోవా అన్నాడు గవర్రాజు. అదే ఉపన్యాసం విని పతకాలు పట్టుకుపోయినవాళ్ల కాళ్ల సంగతి అతను చెప్పలేదు.

ఓడిన ప్రతిసారీ బూట్లు అటకెక్కేవి. "ఇంత అన్యాయంలో ఎవడు పరుగెత్తుతాడు?" అని అతను ఏడెనిమిది నెలలు పడక్కుర్చీలో గడిపేవాడు. పొట్ట ముందుకు వచ్చేది. దసరా దాటాక ఎవరో ఒకరు "ఏం గవర్రాజూ, ఈ ఏడు లేనట్టేనా?" అనేవారు. మర్నాడు తెల్లారేసరికి బూట్లు అటక దిగేవి.

ఉన్నమాట చెప్పాలి. అతను బాగా పరుగెత్తేవాడు. మంచు పట్టిన కాలవగట్టు మీద ఒక్కడే పోతున్నప్పుడు అతని మొహంలో ఎవరి మీదా కోపం ఉండేది కాదు. అక్కడ చెప్పుకోవడానికి ఎవరూ లేకపోవడం వల్ల కావచ్చు.

నాలుగో ఏడు వచ్చింది. అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. పాలు పొంగి ఉంటే దింపుకోండి.

పందెం దారిలో ఎనిమిదో కిలోమీటరు దగ్గర జువ్వలదొడ్డి అనే ఊరు ఉంది. అది మంగతాయారు పుట్టినూరు. ఆమె తల్లి సూరీడమ్మ ఇల్లు సరిగ్గా గట్టును ఆనుకునే ఉండేది. భర్త పోయాక ఆవిడ రెండు గేదెలను పెట్టుకుని ఒక్కతే ఉండేది. ఆ ప్రాంతంలో అల్లుడు గడప ముందు నుంచి ఆగకుండా వెళ్లిపోయాడంటే, రెండిళ్ల మధ్యా గొడవ ఉందని అర్థం. సాయంత్రానికల్లా ఆ గొడవ ఏమిటో కూడా ఊరే చెప్పేది. అంతకుముందు మూడేళ్లూ గవర్రాజు అలాగే వెళ్లిపోయాడు. అందుకని సూరీడమ్మ ఆ ఏడు కాళ్లకు నీళ్లు, పీట, కొత్త తువ్వాలు, బూరెల పళ్లెం సిద్ధం చేసుకుని గట్టు మీద నిలబడింది.

"రండి బాబూ, చెమటలు కక్కుతున్నారు. ఒక్క నిమిషం కూర్చోండి" అంది.

గవర్రాజు ఒక్క నిమిషం కూర్చున్నాడు. ఆరు బూరెలు తిన్నాడు. కాఫీ తాగాడు. చక్కెర తగ్గిందన్నాడు. ఇంకో కాఫీ తాగాడు. మైదానం చేరేసరికి గంటా ముప్పావు అయింది. అప్పటికి షామియానా కూడా విప్పేశారు.

ఆ ఏడాదంతా అతను ఉడికిపోయాడు. పాలకేంద్రంలో ఎవరైనా పాలు తెస్తే లాక్టోమీటరు ముంచి, అది నిలకడగా తేలేలోపు బూరెల సంగతి ఎత్తుకునేవాడు. "నా పతకం మా అత్తగారి బూరెలు మింగేశాయండీ! అలా దారికి అడ్డంపడితే మనిషన్నవాడు ఎలా గెలుస్తాడు?" అనేవాడు. కాదంటే తమ పాలలో నీళ్లు తేలతాయేమోనని అందరూ అవుననేవారు.

ఆ మాట జువ్వలదొడ్డి చేరడానికి రెండు రోజులు పట్టింది. దారిలో కాస్త పెరిగింది కూడా. చేరేసరికి సూరీడమ్మ అల్లుణ్ణి అరుగు స్తంభానికి కట్టేసి తినిపించిందట.

ఆవిడ వెంటనే కూతురికి ఫోను చేసింది.

"ఏమే, నా బూరెలు మీ ఆయన పతకాన్ని మింగాయంట?"

"ఊరుకోమ్మా. ఆయన సంగతి నీకు తెలియంది కాదు."

"ఊరుకోను. పదమూడేళ్లుగా ఆ మనిషి కాళ్లకు నీళ్లు ఇస్తున్నాను. ఒక్కనాడూ చెంబు ఖాళీగా పట్టుకురాలేదు. ఆ నీళ్లకు ఇదా ఫలితం? వచ్చే ఏడు పందెం వేళకు నేను నా గడపలోనే ఉండను. అల్లుడుగారి దారికి అడ్డం రాను. ఆ తర్వాత ఆయన ఎవరిని అంటాడో చూస్తాను."

ఆవిడ అన్నంత పనీ చేసింది. ఎలా చేసిందో మంగతాయారుకూ జాహ్నవికీ తప్ప ఎవరికీ తెలియదు.

అయిదో ఏడు గవర్రాజు మూడునెలలు ఒక్కరోజూ మానకుండా పరుగెత్తాడు. పొట్ట తగ్గింది. బూట్లు సరిపోయాయి. కుక్క ముసలిదైపోయింది. ఇక మిగిలింది అత్తగారే. ఆవిడ ఎదురుపడితే ఏమనాలో అతను అద్దం ముందు సాధన చేశాడు. "క్షమించండి అత్తయ్యగారూ, ఈ ఏడు ఆగను!" అనే మాటను మెత్తగా ఒకసారి, గట్టిగా ఒకసారి, వెళ్తూ వెళ్తూ భుజం మీదుగా ఒకసారి అనిచూశాడు.

"మా అమ్మ ఈ ఏడు ఆపదు లెండి" అంది మంగతాయారు.

"ఆపకుండా ఎందుకుంటుంది? నన్ను ఆపకపోతే ఆవిడకు తోచదు" అన్నాడు గవర్రాజు.

"నాన్నా, ఈసారి మేకుకు తగిలిస్తామా?" అంది జాహ్నవి. ఆ పిల్లకు పదకొండేళ్లు వచ్చాయి. నాలుగేళ్లుగా రోజూ బడికి వెళ్తూ ఆ ఖాళీ మేకును చూసేది. స్నేహితులు వస్తే దాని ముందు నిలబడేది.

"సాయంత్రం తగిలిద్దాం" అన్నాడు గవర్రాజు. ఈసారి అతను నిజంగానే నమ్మాడు.

ఆదివారం వచ్చింది. మైకు పాడైపోవడంతో ఉపన్యాసం పది నిమిషాల్లో ముగిసింది. ఆరోగ్యానికి అంత మేలు ఆ సంఘం అంతకుముందు ఎన్నడూ చేయలేదు. ముందు వరసల్లో మగవాళ్లు, వెనక ఆడవాళ్లు, పెద్దవాళ్లు నిలబడ్డారు. గవర్రాజు ముందు వరసలో ఉన్నాడు. వెనక్కి తిరిగి చూడలేదు. వెనకవాళ్లతో తనకేం పని అనుకున్నాడు.

హాయిగా పరుగెత్తాడు. జువ్వలదొడ్డి మొదటి ఇళ్లు కనిపించేసరికి చేతి గడియారంలో యాభై నిమిషాలు అయింది. ఇంకా రెండు కిలోమీటర్లే ఉంది. ఇరవై అయిదు నిమిషాలు చేతిలో ఉన్నాయి. నడిచినా పతకం వచ్చేటట్టుంది. అతను మొహం బిగించి, సాధన చేసిన మాటను నాలుక మీదికి తెచ్చుకుని అత్తగారింటి ముందుకు వచ్చాడు.

గట్టు మీద ఎవరూ లేరు. చెంబు లేదు, పీట లేదు, తువ్వాలు లేదు. తలుపుకు తాళం ఉంది.

గవర్రాజు పది అడుగులు ముందుకు పోయాడు. నెమ్మదించాడు. నిలబడ్డాడు. వెనక్కి వచ్చాడు.

పక్కింటి అరుగు మీద అప్పాయమ్మ అనే ముసలావిడ గుడ్డ పరిచి వడియాలు పెడుతోంది.

"మా అత్తగారు ఏరీ?" అన్నాడు గవర్రాజు.

"తెల్లారకముందే తాళం వేసుకుని పోయింది బాబూ."

"నేను ఈ దారిన వస్తానని తెలియదా?"

"తెలుసు. అందుకే పోయింది."

"ఎక్కడికి?"

"వస్తుంది లెండి, ఈ దారినే వస్తుంది. మీరు పదండి బాబూ, అందరూ ముందుకు పోతున్నారు."

"పోను. ఆవిడ వచ్చి నాకు సమాధానం చెప్పాలి."

"దేనికి?"

"నన్నెందుకు ఆపలేదో!"

అప్పాయమ్మ చేతిలో పిండి చేతిలోనే ఉండిపోయింది. "ఆపడం తప్పని మీరే అన్నారంటగా?"

"ఆపడం తప్పు. ఆపకపోవడం అవమానం. రెండూ ఒకటి కాదు. అల్లుడు వచ్చేవేళకు తాళం వేసుకునిపోవడం ఏ ఊరి మర్యాద?"

అతను అత్తగారి అరుగు మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. లెక్కల మాస్టారు రొప్పుతూ వచ్చాడు. "రండి గవర్రాజుగారూ, ఇంకెంతో లేదు!" అన్నాడు. "మీరు పదండి, ఇది మా ఇంటి వ్యవహారం" అన్నాడు గవర్రాజు. తర్వాత కాంపౌండరు వచ్చాడు, వెళ్లాడు. ఆ తర్వాత చాలామంది వచ్చారు, వెళ్లారు. అతను ఎవరినీ చూడలేదు. అత్తగారిని ఏమని నిలదీయాలో ఆలోచిస్తున్నాడు.

పదకొండు నిమిషాలకు ఆవిడ వచ్చింది.

చీర గోచీ పోసి బిగించి, ఒట్టికాళ్లతో, గుండెల మీద నూట పదమూడు అంకె ఉన్న గుడ్డ తగిలించుకుని వచ్చింది. వేగంగానూ లేదు, నెమ్మదిగానూ లేదు. రోజూ చేలో నుంచి గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చే అరపరుగు అది. మోపు లేకపోయినా అలవాటు కొద్దీ కుడిచెయ్యి తలమీదే ఉంది.

గవర్రాజు లేచి గట్టు మీదికి వచ్చాడు. "అత్తయ్యగారూ! ఆగండి!"

"కులాసాయేనా బాబూ?" అంది సూరీడమ్మ, ఆగకుండానే. "తాళంచెవి అప్పాయమ్మ దగ్గరుంది. బూరెలు డబ్బాలో ఉన్నాయి. తినాలనిపిస్తే తినండి. మా వల్ల ఆలస్యమైందని మాత్రం అనకండి."

ఆవిడ వెళ్లిపోయింది.

గవర్రాజు మొహం ఎర్రబడింది. "చూశారా అప్పాయమ్మగారూ? అల్లుణ్ణి చూసి కూడా ఆగలేదు! మీరే సాక్షి!"

"నేనేం చూశాను బాబూ, వడియాలు చూసుకుంటున్నాను."

"మీ కళ్ల ముందే కదా పోయింది? చూశానని అనండి!"

ఆవిడ చేత చూశానని అనిపించడానికి అతనికి ఇంకో నాలుగు నిమిషాలు పట్టింది. అప్పుడు గడియారం చూసుకుని పరుగందుకున్నాడు. కాళ్లు కదలలేదు. అంతసేపు కూర్చోవడంతో పిక్కలు రెండూ పట్టేశాయి. మొదటి కిలోమీటరు కుంటుకుంటూ, రెండోది తిట్టుకుంటూ పోయాడు.

సూరీడమ్మ మైదానం చేరేసరికి గంటా పద్నాలుగు నిమిషాలు అయింది. గవర్రాజు చేరేసరికి గంటా ఇరవై ఒకటి.

"ఏమైంది గవర్రాజూ?" అన్నాడు అధ్యక్షుడు.

"మా అత్తగారు నన్ను ఆపలేదండీ. అందుకని ఆలస్యమైంది" అన్నాడు గవర్రాజు.

అధ్యక్షుడు గ్లూకోజు నీళ్ల గ్లాసు అందించాడు.

సూరీడమ్మ తన పతకాన్ని మనవరాలికి ఇచ్చింది. జాహ్నవి ఆ సాయంత్రం కుర్చీ ఎక్కి, ముందుగదిలోని మేకుకు దాన్ని తగిలించింది. ఈనాటికీ గవర్రాజు తలుపు తియ్యగానే మొదట కనిపించేది అత్తగారి పతకమే.

ఓటమికి ఎవరో ఒకరు కారణం కావాలని వెతికేవాడు, దారి ఖాళీగా ఉన్నా తనంతట తానే ఆగిపోతాడు.