బీరతీగ చెయ్యి చాచిన కథ

ఒకప్పుడు బీరతీగకి చేతులుండేవి కావు. పెరట్లో నేలమీదే పాకుతూ ఉండేది. చేతులు లేకపోతే పోనీ, నోరుంది కదా! ఉంది. కానీ ఆ నోటితో సాయం అడగడమంటే మహారాణిగారికి మహా నామోషీ.

పక్కనే మునగచెట్టు. దాని కొమ్మ ఒక్కటి దొరికితే చాలు, పైకి ఎగబాకచ్చు. అడిగిందా? అబ్బే! మునగ వినేలా నిట్టూర్చేది. "పైన గాలి బాగుంటుంది కాబోలు, మాకేం తెలుస్తుందిలే!" అనేది.

"అవును, బాగుంటుంది" అనేది మునగ హాయిగా ఊగుతూ.

బీరతీగ మూతి ముడుచుకునేది. 'అన్నీ విడమరిచి చెప్పాలా? తనే అర్థం చేసుకోవద్దూ!'

వానలు పట్టాయి. పెరడంతా బురద. బీరతీగ కాసిన పిందెలు తడికి ఒక్కొక్కటే కుళ్ళిపోయాయి. చివరికి ఒక్క పిందె మిగిలింది, చిటికెనవేలంత. దాని కిందకీ నీళ్ళు చేరుతున్నాయి. బీరతీగకి ఏడుపు ఆగలేదు.

అటుగా పోతున్న గండుచీమ నిలబడింది. "ఏడువు తల్లీ, బాగా ఏడువు. నేల ఇంకాస్త తడుస్తుంది."

"మరేం చెయ్యను?"

"మునగని అడుగు."

"అమ్మో! కాదంటే?"

"కాదంటే ఆకాశం విరిగి నీ నెత్తిన పడుతుంది మరి! ముందు ఆ గోడని అడిగి చూడు, పడుతుందో లేదో తేలిపోతుంది."

బీరతీగ గోడవైపు తిరిగి గొణిగింది. "గోడగారూ, మీకేమీ ఇబ్బంది లేకపోతేనే... అంత అవసరమేం లేదనుకోండి... కాస్త మీమీదకి..."

"కుదరదు. మొన్ననే సున్నం వేశారు, నీ పసరంతా నాకు అంటుతుంది" అంది గోడ.

బీరతీగ గట్టిగా కళ్ళు మూసుకుంది. ఏమీ కాలేదు. ఒక్క ఆకైనా రాలలేదు. ఓస్, ఇంతేనా! ఇన్నాళ్ళూ దీనికా భయపడింది! తనమీద తనకే ఒళ్ళు మండింది.

ఈసారి మునగవైపు తిరిగి గొంతెత్తింది. "మునగన్నా! నా పిందె కుళ్ళిపోయేలా ఉంది. నాకు నీ కొమ్మ కావాలి. పట్టుకోనిస్తావా?" వానహోరులో వినపడదేమోనని ఒళ్ళంతా మునగవైపు సాగదీసింది. కణుపులోంచి పచ్చని దారంలాంటి చెయ్యి ఒకటి పుట్టుకొచ్చింది. దాన్ని పైకి చాచింది.

మునగ నోరు వెళ్ళబెట్టింది. "ఓసి పిచ్చిదానా! బురదలో పడుకోవడం నీకు సరదా అనుకున్నానే! పట్టుకో" అంటూ కొమ్మ వంచింది.

బీరతీగ పట్టుకుంది. మునగ మళ్ళీ మనసు మార్చుకుంటుందేమోనని మెలికలు మెలికలుగా చుట్టుకుంది కూడా. పిందె నేల విడిచి గాల్లో ఊగింది. బీరతీగకి ఎంత సంతోషమో!

అప్పటినుంచే బీరతీగ ప్రతి కణుపు దగ్గరా చెయ్యి చాస్తుంది. ఒకరు కాదంటే పక్కవాళ్ళవైపు చాస్తుంది. అందిన కొమ్మనల్లా వదలకుండా చుట్టుకుంటుంది. పాపం మునగ! కొమ్మలు విరిగేంత బరువు మోస్తోంది గానీ, "ఇక చాల్లేవే" అనడానికి దానికింకా మొహమాటమే.