పట్టుచీరలో చుట్టిన జవాబు

చీపురుపల్లిలో ఎవరింట్లో పొయ్యి వెలిగినా వెలగకపోయినా, తమ ఇంట్లో మాత్రం తెలివి వెలుగుతూనే ఉంటుందని పైడిరాజు నమ్మకం. వానొస్తే గొడుగు తడిసిపోతుందని చంకలో దాచుకుని, తను తడుస్తూ వచ్చే మనిషి. అది చూసి మా ఆయనెంత జాగ్రత్తపరుడో అని మురిసిపోయే ఇల్లాలు నూకాలు. గంతకు తగ్గ బొంత. వీళ్ళిద్దరి చేతుల్లో పెరిగినవాడు పైడిరాజు తమ్ముడు చిట్టిబాబు. ఇక వాడి సంగతి చెప్పాలా?

ఆ చిట్టిబాబు కంప్యూటర్ చదువు ఎలా పాసయ్యాడో, పేపర్లు దిద్దినవాళ్ళకే తెలియాలి. విశాఖపట్నం కంపెనీ ఒకటి వాడికో చిన్న లెక్క ఇచ్చి, దానికి ప్రోగ్రాం రాసి చీకటిపడేలోగా పంపితే ఉద్యోగమిస్తామంది. తల్లి పోయినప్పట్నించీ తమ్ముణ్ణి సాకిన పైడిరాజుకి ఆ ఉద్యోగం మీదే ప్రాణం. చిట్టిబాబు కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసే ఎడిటర్ తెరిచాడు, ప్రోగ్రాం రాశాడు, నడిపించబోయాడు. నువ్వు రాసిన భాష ఈ కంప్యూటర్లో లేదు పొమ్మని ఎర్రక్షరాలు పడ్డాయి. అంతే, ముగ్గురికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు.

నూకాలు తమ్ముడు సన్యాసిరావు పక్కనే విజయనగరంలో ప్రోగ్రాములు రాస్తాడు. ఫోన్ చేస్తే, మీ సొంత తెలివి వాడకుండా నేను చెప్పింది చెప్పినట్టు టైపు చెయ్యండన్నాడు. చిట్టిబాబు అలాగే చేశాడు. మధ్యలో సన్యాసిరావు దగ్గితే దగ్గు కూడా టైపు చేశాడు. కూరలో ఉప్పెక్కువైందని పెళ్ళాంతో అంటే ఆ ఉప్పూ వదల్లేదు. ఇంకేముంది, ఎర్రక్షరాలు తెరంతా నిండిపోయాయి. ఇంత తెలివి ఒకే ఇంట్లో ఉంటే కంప్యూటర్ మాత్రం ఏం తట్టుకుంటుంది?

సన్యాసిరావు తల పట్టుకుని, మళ్ళీ మొదట్నించి మొదలెట్టమన్నాడు. మొదలంటే కొన్న షాపే కదా అని పైడిరాజు కంప్యూటర్‌ని ఆటోలో ఎక్కించి తీసుకెళ్ళి, షాపు గడపకి తాకించి ఇంటికి తెచ్చాడు. ఎర్రక్షరాలు పోలేదు. అసలు మొదలు ఇంకా ముందుందని నూకాలు కనిపెట్టింది. అంతే, పళ్ళెంలో బియ్యం పోసి, గడ్డాలొచ్చిన చిట్టిబాబుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని పైడిరాజు ఓనమాలు దిద్దించాడు. ఈ సంగతి విన్న సన్యాసిరావు, తనే వస్తున్నానని, వచ్చేదాకా ఏ ఒక్క వస్తువునీ ముట్టుకోవద్దని చెప్పి బండెక్కాడు.

ముగ్గురూ చేతులు పైకెత్తి నిలబడ్డారు. పాలు పొంగి పొయ్యిలో పోతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఇంట్లోకి మేక వచ్చి చిట్టిబాబు చొక్కా నమిలింది, నమలనిచ్చారు. సన్యాసిరావు తలుపు తడితే, గడియ కూడా వస్తువే కదా అని లోపల్నించి జవాబొచ్చింది. పాపం, వాడు దొడ్డిగోడ దూకి లోపలికొచ్చాడు.

వచ్చి ఆ భాషని కంప్యూటర్లోకి ఎక్కించాడు. అది ఎక్కడుందో ఎడిటర్‌కి చూపించాడు. ప్రోగ్రాం నడిచి జవాబు తెర మీద పడేసరికి పైడిరాజుకి సంతోషంతో కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంకాసేపుంటే తనకీ మతిపోయేలా ఉందని సన్యాసిరావు బయల్దేరాడు. పోతూ పోతూ, "బావా, తెర మీదున్నది ఉన్నట్టు కంపెనీకి పంపించెయ్యండి. ఒక్క అచ్చరం పోకూడదు" అన్నాడు.

పోనిస్తాడా పైడిరాజు? వైర్లన్నీ పీకి, తెరని నూకాలు పట్టుచీరలో చుట్టాడు. అక్షరాలు ఓ పక్కకి జారిపోకుండా అన్నదమ్ములు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని బస్సులో విశాఖపట్నం చేరారు. కంపెనీలో చీర విప్పితే తెర నల్లగా ఉంది. జవాబేదని అక్కడి అమ్మాయి అడిగింది. పైడిరాజు చీర దులిపాడు, మడత మడతా వెతికాడు. ఒక్క అక్షరమూ రాలలేదు. బస్సులో తోసుకున్న జనం గుర్తొచ్చి అతను తెరని ఎత్తుకుని బయటికి పరిగెత్తాడు.

ఇద్దరూ తిన్నగా పోలీస్ స్టేషన్‌కి పోయారు. ఏం పోయిందని అడిగితే పైడిరాజు ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"తెర బద్రంగానే ఉంది బాబూ. దాని మీదున్న మా తమ్ముడి ఉజ్జోగాన్నే ఎవడో బస్సులో కొట్టేసినాడు."