పేరు తుడిచిన స్లైడ్లు

1994, రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ. కోస్తాలోని ఒక పశువైద్య కళాశాలలో నాంచారయ్యకు కాలు ఒకచోట నిలవడం లేదు.

అతని పరిశోధన పంది గుడ్ల మీద. కోసిన పందుల అండాశయాల నుంచి గుడ్లు తీసి, గాజు గిన్నెలో పోషక ద్రవం పోసి పక్వానికి తెచ్చి, అక్కడే మగపంది బీజంతో కలపాలి. ఆ ద్రవంలో కంటికి ఆననంత జింకు వేస్తే గుడ్లు బాగా ఫలిస్తాయని అతని వాదం. జింకు లేని గిన్నెల్లో నూటికి నలభై ఒకటి ఫలిస్తే, వేసినవాటిలో అరవై మూడు. పరిశోధన పత్రికవాళ్లు వ్యాసం అచ్చు వేస్తామన్నారు. పన్నెండు రోజుల్లో అదే కళాశాలలో అధ్యాపక ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అతనికున్న బలమంతా ఆ వ్యాసమే.

అండాశయాలు ఇచ్చేది వాళ్ల అయ్య. ఆదివారం పందిని కోసి, అవి కొడుకు ఫ్లాస్కులో వేస్తూ ప్రతిసారీ ఒకటే మాట: "నా పందులు చెత్తకుప్పల్లో తిని పదేసి పిల్లల్ని ఈనాయి. నీ జింకు ఏ పంది అడిగిందిరా?"

"ఉద్యోగం వచ్చాక చెప్తాలే అయ్యా."

నాంచారయ్య గురువు సువార్తమ్మ గారు. మాట తక్కువ మనిషి. ఆ శనివారం ఆమె వరండాలోకి వచ్చి నిలబడ్డారు.

"ఏమయ్యా, పొద్దుట్నుంచి వరండా కొలుస్తున్నావు. ఎన్ని గజాలొచ్చింది?"

"ఇంటర్వ్యూ మేడం. నిద్ర పట్టట్లేదు."

"ఇంకొక్కసారి చెయ్యి, ఆ ప్రయోగం."

"ఐదుసార్లు చేశాను మేడం! ఐదుసార్లూ జింకే గెలిచింది."

"అయితే ఆరోసారీ గెలుస్తుంది. చెయ్యి."

ముసలమ్మకు చాదస్తం అనుకున్నాడు. కానీ చేశాడు. ఆదివారం తెచ్చిన గుడ్లు శుక్రవారానికి రంగు అద్దుకుని లెక్కకు సిద్ధమయ్యాయి. పన్నెండు స్లైడ్లు. ప్రతిదాని మూలనా జింకు ఉందో లేదో రాసి పెట్టాడు.

సువార్తమ్మ గారు లోపలికి వచ్చారు. "టీ తాగి రా."

తాగి వచ్చేసరికి బల్ల మీద స్పిరిట్ వాసన. రాతలన్నీ తుడిచేసి ఉన్నాయి. స్లైడ్లు కలిసిపోయాయి. మూలల్లో ఒకటి నుంచి పన్నెండు దాకా అంకెలు. ఆమె ఒక చీటీ మడిచి చేతిసంచిలో పెట్టుకుంటున్నారు.

నాంచారయ్యకు ఒళ్లు మండింది. "ఏది ఏదో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది మేడం?"

"నీకెందుకు తెలియాలి? గుడ్డుకి తెలుసుగా."

వరుస చూడకుండా చేతికందిన స్లైడు పెట్టి సూక్ష్మదర్శిని మీదికి వంగాడు. మొదటి రెండు స్లైడ్లూ సాఫీగా పోయాయి. మూడోదానిలో ఒక గుడ్డు మసకగా ఉంది. ఫలించినట్టూ ఉంది, ఫలించనట్టూ ఉంది. అలాంటివి ఎప్పుడూ ఉంటాయి, స్లైడుకు నాలుగో ఐదో.

ఎప్పటిలాగే అతని కన్ను దానంతట అదే గుడ్డును వదిలి, జింకు ఉందో లేదో చూడ్డానికి స్లైడు మూలకు పోయింది.

అక్కడ 'ఏడు' అని ఉంది. అంతే.

 మళ్లీ వంగాడు. ఆ ఒక్క గుడ్డును చాలాసేపు చూశాడు.  

మధ్యాహ్నం మూడింటికి లెక్క ముగిసింది. ఆమె చీటీ విప్పి, ఏ అంకె ఏదో చూసి, లెక్కలు కలిపి చదివారు.

"జింకు లేనివి నూటికి యాభై. వేసినవి యాభై రెండు."

 నాంచారయ్య వేళ్లు బల్ల అంచును గోకుతున్నాయి. లేచి, బీరువా తెరిచి, పాత ఐదు ప్రయోగాల స్లైడ్ల పెట్టెలు తెచ్చి ఆమె ముందు పెట్టాడు. పక్కనే స్పిరిట్ సీసా, దూది.

"వీటికీ అంకెలు వెయ్యండి మేడం. నేను బయట ఉంటాను."

"ఇంటర్వ్యూకి ఇంకా ఆరు రోజులే."

"తెలుసు మేడం."

ఆమె కళ్లజోడు సర్దుకుని దూది తీసుకున్నారు.

పాతవి తిరిగి లెక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. వాటిలోనూ తేడా మిగల్లేదు. ఐదో రోజున వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని పత్రికకు ఉత్తరం వేశాడు. ఉద్యోగం ఇంకొకరికి వచ్చింది. ఆ కళాశాలలో మళ్లీ అలాంటి ఖాళీ ఏడేళ్లకు పడింది.