ఊరికే చేసిన పని

“ఊరికే చేస్తున్నాం కదా అన్న మాట ఇంకొక్కసారి నీ నోట వినబడితే, ఆ కుర్చీలోంచి లేచి ఇంటికి పో” అన్నారు వీరరాఘవులు మాస్టారు.

త్రినాథ్ మొహం మాడిపోయింది. కాలేజీలో కామర్స్ చెప్పేవాడు, పదిమందిలో ఈ మాట పడ్డాడు. కాకినాడ హమాలీ సంఘం హాల్లో ఆదివారాలు బీదాబిక్కీకి ఆదాయపు పన్ను రిటర్నులు ఉచితంగా వేసిపెట్టే ఏర్పాటు మాస్టారిదే. అక్కడ ఆయన నియమం ఒకటుంది. నింపినదంతా పైకి చదివి వినిపించాలి. ఎదుటి మనిషి అవునన్నాకే పంపాలి. ఆ ఉదయం ఒక ముసలి వాచ్‌మన్ ఏదో చెప్పబోతే, “ఊరికే చేస్తున్నాం కదా తాతా, నస పెట్టకు. వరండాలో కూర్చో, పిలుస్తాను” అని త్రినాథ్ కసిరాడు.

“జీతంలేని పనిలో చిన్న పొరపాటు కూడా తప్పేనాండీ?” అని ఇప్పుడు అడిగాడు.

మాస్టారు వాదానికి దిగే మనిషి కాదు. కళ్ళజోడు తుడుచుకుంటూ, జరిగిందొకటి చెప్పారు.

ఇదే హాల్లో గోవిందరాజులని ఒకాయన పనిచేసేవాడు. పన్నుల లెక్కల్లో తల పండినవాడు. పక్కవాళ్ళు ఒకరికి చదివి వినిపించేలోపు ఆయన ముగ్గురిని సాగనంపేవాడు. చదివే ఓపిక లేదు మరి. ఆ వేగం చూసి సంఘంవాళ్ళు శాలువా కూడా కప్పారు.

ఒకనాడు హాస్టల్లో వంటచేసే నూకరత్నం ఆయన ముందు కూర్చుంది. ఆవిడ రాబడికి పన్నే లేదు. అయినా కాంట్రాక్టరు కూలిలో పన్ను కోసి మిగతాది చేతిలో పెట్టాడు. రిటర్ను వేస్తే ఆ కోత వెనక్కి వస్తుంది. దాంతో గ్రైండరు కొనుక్కుని, ఇడ్లీపిండి అమ్ముకుని, ఒకరి పొయ్యి దగ్గర మాడే బతుకు మానుకోవాలని ఆవిడ ఆశ.

“బాబుగారండీ, ఆ బ్యాంకు ఖాతా ఉంది చూశారూ...”

“నాకు తెలుసమ్మా. ఊరికే చేస్తుంటే ఇన్ని యక్షప్రశ్నలా? ఫోనుకొచ్చిన అంకెలు చెప్పు.”

చెప్పింది. డబ్బు వచ్చింది. తనను వదిలేసి పోయిన మొగుడితో కలిపి ఉన్న పాత ఖాతాలో పడింది. వాడు వాసన పట్టి, ఒక్క పైసా మిగల్చకుండా తీసుకుపోయాడు.

“చదివి వినిపిస్తే అప్పుడే చెప్పేదాన్ని కదండీ” అంది నూకరత్నం.

“ఉపకారానికి పోతే నిందలా!” అన్నాడు గోవిందరాజులు. ఆవిడ హాస్టలు పొయ్యి దగ్గరికే వెళ్ళిపోయింది.

మరుసటేడు మళ్ళీ వచ్చింది. పక్క బల్ల దగ్గర వరుస గుమ్మం దాటినా, వెళ్ళి అందులోనే నిలబడింది. గోవిందరాజులు ముందు ఎవరూ లేరు.

“ఇలా రామ్మా, ఖాళీగానే ఉన్నాను” అన్నాడు.

“పర్లేదండి. మీరు ఊరికే చేస్తారు, అంత భాగ్యం మేం మోయలేం. కాళ్ళున్నాయి, నిలబడతాం.”

వెనకున్న హమాలీలు గొల్లుమన్నారు. “బస్తాలు మోస్తాం గానీ, అది మా వల్ల కూడా కాదండి!” అన్నాడొకడు. ఆ వరుసలోంచి ఒక్కరూ ఇవతలికి రాలేదు. పొద్దువాలేదాకా గోవిందరాజులు శాలువా భుజాన వేసుకుని అలాగే కూర్చున్నాడు.

మాస్టారు చెప్పడం ఆపారు. త్రినాథ్ వరండావైపు చూశాడు. వాచ్‌మన్ మెట్టుమీంచి లేచి, చెప్పులు వెతుక్కుంటున్నాడు.

“ఆ తరవాత ఆయనేమయ్యాడండీ?”

“ఏమవుతాడు? ఊరికే ఇస్తానన్నా పుచ్చుకునేవాడు లేకపోయాడు. అన్ని లెక్కలు తెలిసినవాడు చివరికి కట్టుకున్న పన్ను అదీ” అన్నారు మాస్టారు, కళ్ళజోడు పెట్టుకుంటూ. “వెళ్ళి ఆ పెద్దాయన్ని పిలు. వస్తే నీ అదృష్టం.”