భైరవావధాని గారి మూడు జవాబులు

కందిమల్లసీమను ఏలే వీరప్ప మహారాజుకు ఆ ఏడు పొడుపుకథల పిచ్చి పట్టుకుంది. అంతకుముందు ఏడు కోడిపందేల పిచ్చి. అదే నయం, కోళ్ళు మాత్రమే నష్టపోయేవి.

ఈ పిచ్చిని అంటించినవాడు భైరవావధాని. ఎక్కడినుంచో ఊడిపడి, ‘ప్రహేళికా భయంకర’ అని తనకు తానే బిరుదు తగిలించుకుని, రాజుగారి పక్కనే పీట వేయించుకున్నాడు. రోజూ కొలువులో ఒక పొడుపు విసిరేవాడు. ఎవరి పేరు పిలిస్తే వాళ్ళు విప్పాలి. విప్పలేకపోతే నెల్లాళ్ళు అవధాని గారికి ఊడిగం చెయ్యాలి. రాజుగారి శాసనం అది.

విప్పినవాడు ఇంతవరకు పుట్టలేదు. సేనాపతి బసవనాయుడు అవధానికి గొడుగు పడుతున్నాడు. కోశాధికారి విసనకర్ర విసురుతున్నాడు. సరిహద్దులో దొంగలు పడ్డారని కబురొస్తే, గొడుగు ఎవరి చేతిలో పెట్టాలో తెలియక సేనాపతి కదల్లేకపోయాడు.

మర్నాటి వంతు రాయసం కోనప్పదని ఓ రోజు అవధాని ప్రకటించాడు. కోనప్ప రాజుగారి ఉత్తరాలు రాసే ఉద్యోగి, కాస్త నోటి దురుసు మనిషి. అవధాని గారి పంచెలు ఉతికే పని ఇంకా ఎవరికీ దక్కలేదు. అది ఎవరికోసం అట్టిపెట్టారో కొలువులో అందరికీ తెలుసు. ఆ పంచెలు మన గడప తొక్కిన రోజున నేను పుట్టింటికి పోతానని భార్య అచ్చక్క ముందే చెప్పేసింది. చెప్పిన మాట తప్పే మనిషి కాదు.

కోనప్పకు అన్నం సహించలేదు. కానీ ఒక సంగతి మాత్రం బుర్రను తొలుస్తూనే ఉంది. మొన్న కోశాధికారి ‘గుమ్మడికాయ’ అన్నప్పుడు, అవధాని కళ్ళు మూసుకుని కాసేపు ఊగి, ‘కాదు, సొరకాయ’ అన్నాడు. ఆపైన మాటల్ని ముక్కలు కోసి, తలకిందులు చేసి, దానికో వ్యాఖ్యానం చెప్పాడు. సభంతా ఆహా అంది. అర్థం కాలేదంటే మొద్దు అంటారని అందరికన్నా ముందు ఆహా అన్నవాడు కోనప్పే. పాపం, కోశాధికారి సొరకాయ అని ఉంటే ఈయన గుమ్మడికాయ అనేవాడు కాదూ అని ఇప్పుడు అనిపించింది.

మర్నాడు కొలువు కిటకిటలాడింది. అవధాని గొంతు సవరించుకున్నాడు.

“ఊరికి ముందుంది, ఊరి వెనక లేదు. తల తీస్తే నవ్వు, తోక ముడితే ఏడుపు. రాజు దాన్ని మోస్తాడు, అది రాజును మోస్తుంది. విప్పవయ్యా కోనప్పా.”

కోనప్ప లేచి చేతులు కట్టుకుని, తనకు తెలియదని చల్లగా ఒప్పుకున్నాడు. అవధాని మొహం చేటంత అయింది. అప్పుడు కోనప్ప సింహాసనం వైపు తిరిగాడు.

“కానీ ప్రభువులు అప్పుడే విప్పేశారు. ఇప్పుడే పెదవులు కదిపారు, నేను చూశాను. ‘కల్లుకుండ’ అన్నారు.”

మహారాజు ఆకువక్క నములుతున్నాడు. కాదందామనుకునేలోగా సభంతా ఆయన వైపు భక్తిగా చూసింది. పొడుపు విప్పాడని ఆయన గురించి జన్మలో ఎవరూ అనుకోలేదు. ఆ సుఖాన్ని పోగొట్టుకోబుద్ధి కాక, నములుతూనే తల పంకించాడు.

అవధాని కళ్ళు మూసుకుని ఊగాడు. రాజుగారి జవాబు తప్పన్నవాడెవడూ ఆ సీమలో తలతో తిరగడం లేదు. కళ్ళు తెరిచాడు.

“అక్షరాలా అదే. ఊరికి ముందుండేది ఈతవనం. కుండ మూత తీస్తే తాగేవాడికి నవ్వు, అడుగు తగిలితే అయిపోయిందని ఏడుపు. తాగాక ప్రతివాడూ రాజే. పోయేటప్పుడు వాడు కుండను మోస్తాడు, వచ్చేటప్పుడు కుండే వాణ్ణి మోస్తుంది.”

సభ ఆహా అంది. కోనప్ప గబగబా లెంపలు వేసుకున్నాడు.

“అపచారం ప్రభూ. కళ్ళు మసకేసి తప్పు చెప్పాను. తమరన్నది ‘గాడిద’.”

అని, ఓరకంట రాజుగారి మొహంకేసి చూశాడు. రాజు కాదంటే పంచెలు కాదు, పీకే పోతుంది. మహారాజు నమలడం ఆపి, ఒక కనుబొమ్మ ఎత్తాడు. గాడిదను ఈ అవధాని ఏం చేస్తాడో చూడాలని ఆయనకూ సరదా పుట్టింది. మళ్ళీ నమలసాగాడు.

అవధాని కల్లుకుండ పైపై అర్థం మాత్రమేననీ, గాడిద గూఢార్థమనీ అందుకున్నాడు. ఊరి ముందు కట్టేసేది గాడిదనేనట. మొదటి అక్షరం తీసేస్తే మిగిలే ‘డిద’ ఏదో ప్రాచీన భాషలో నవ్వట. తోక ముట్టినవాడు తన్ను తిని ఏడవడం లోకవిదితమేనట. ఈసారి ఆహా పలచగా వచ్చింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సేనాపతి గొడుగు చాటున మొహం దాచుకున్నాడు.

మహారాజు తాంబూలం ఉమ్మేసి మూతి తుడుచుకున్నాడు.

“నేను వక్క నములుతున్నాను అవధానీ. అసలేమీ అనలేదు.”

అవధాని తడుముకోకుండా రెండు చేతులూ జోడించాడు.

“అదే అసలైన జవాబు ప్రభూ. మౌనం. ఊరికి ముందు మౌనం, ఊరి వెనక...”

అక్కడ ఆగిపోయాడు. అప్పటికే ఆలస్యమైంది. మహారాజు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వు ఆపుకుంటూ, నువ్వు మాత్రం విప్పలేదు కదా, శాసనం ప్రకారం ఊడిగం తప్పదు కదా అని కోనప్పను అడిగాడు.

“చిత్తం. మూడింట్లో ఏది జవాబో అవధాని గారిని తేల్చమనండి. ఈ పూటే పంచెలు అందుకుంటాను.”

రాజు అవధాని వైపు తిరిగాడు. అవధాని చెమట తుడుచుకుని, ఎంతో వినయంగా వంగాడు.

“తమరు ఏది సెలవిస్తే అదే ప్రభూ.”

కొలువు గొల్లున నవ్వింది. మహారాజు మెడలోని ముత్యాలపేరు తీసి కోనప్ప మెడలో వేశాడు. సేనాపతి గొడుగును అవధాని చేతిలోనే పెట్టి, నవ్వుకుంటూ దొంగలను పట్టుకోవడానికి బయల్దేరాడు.