పోలయ్య ముంచని కొలకర్ర

ఉదయం అయిదుంపావుకి, తన మాటే కొలత అనుకునే పడవ నడిపే సరంగు పోలయ్య పులికాట్ సరస్సు ఒడ్డున పడవలో కూర్చుని చద్దన్నం తింటున్నాడు.

అది అతని తండ్రి కట్టించిన తెరచాప పడవ. ముప్పై ఆరేళ్ళుగా మద్రాసు మేడల సున్నానికి కాల్చిన గుల్లను గోనెల్లో మోస్తోంది. ఆ రోజూ అదే సరుకు. కాల్చిన గుల్లకు నీరు తగిలితే సలసల కాగుతుంది, పక్కనున్న కొయ్యకు నిప్పు అంటిస్తుంది. అందుకే తండ్రి ఒక కట్టుబాటు పెట్టాడు. తెరచాప ఎత్తే ముందు సరంగు పడవ అడుగుకి కొలకర్ర దించి, తడి ఎంతవరకు వచ్చిందో అందరికీ చూపించాలి. నాలుగు వేళ్ళు దాటితే నీరు తోడి, కారుతున్న సందులో కొబ్బరిపీచు కుక్కాలి.

“రెండు వేళ్ళే” అన్నాడు పోలయ్య, చెయ్యి కడుక్కుంటూ.

భార్య కాటమ్మ మూలనున్న కర్రను తడిమి చూసింది. “ఏందయ్యా, కర్ర పొడిగా ఉందే! చూపుతోనే కొలిచావా?”

“నిన్న రెండు వేళ్ళే. రాత్రికి రాత్రి సరస్సంతా పడవలోకి వస్తాదా?”

గడ వేసే చెంగయ్య నవ్వాడు. “అన్న నాలుకే కొలకర్ర వదినా. ఎప్పుడూ తడిగానే ఉంటాది.”

తొమ్మిదింటికి ఒడ్డు కనుమరుగైంది. కాటమ్మ అరికాళ్ళకు పలకలు వెచ్చగా తగిలాయి. కాసేపటికి కాలు పెట్టలేకపోయింది. కింద నుంచి అన్నం ఉడుకుతున్నట్టు చప్పుడు. ఆ తర్వాత పొగ.

చుట్టూ నీరే. ఒక్క చుక్క వాడడానికి లేదు.

“పొయ్యొద్దయ్యా!” అని కాటమ్మ అరిచేలోగా పోలయ్య బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. గుల్ల భగ్గున చిమ్మింది. గోనెలు లాగుతున్న చెంగయ్య ముఖం పట్టుకుని కూలబడ్డాడు. మంట తెరచాపకు ఎక్కింది. ముగ్గురూ ఒకే వెదురుగడ పట్టుకుని సరస్సులోకి దూకారు. చేపల పడవవాళ్ళు వచ్చేవరకు చెంగయ్య ఒకటే అడుగుతూ ఉన్నాడు.

“అన్నా, పొద్దు గుంకిందా? నాకేం కనబళ్ళేదే!”

నడినెత్తిన ఎండ కాస్తోంది.

ఆరో రోజున, కాలగా మిగిలిన పడవ అడుగును ఒడ్డుకు లాగారు. పీచు ఊడిపోయిన సందు జానెడు. పిడికెడు పీచుతో మూసుకుపోయేది. ఆ సాయంత్రమే, చెంగయ్యకు ఇక చూపు రాదని ఆసుపత్రిలో తేల్చి చెప్పారు.

కొలిచి చూడవలసినదాన్ని నోటిమాటతో సరిపెట్టేవాడు, తనకంటే ముందు తనను నమ్మినవాళ్ళకు ముప్పు తెస్తాడు.