సన్యాసమ్మ కొసరు జీళ్ళు

అనగా అనగా, మీ అమ్మకి కూడా పాలపళ్ళు రాని రోజుల్లో, ఒక ఊరు. పేరడక్కండి, మర్చిపోయాను. పోనీ మన ఊరే అనుకోండి. ఆ ఊరికొక రాజు, ఆ రాజుకొక కోట, ఆ కోటకొక వీధి, ఆ వీధి చివరొక పొయ్యి, ఆ పొయ్యి ముందొక ముసలామె. పేరు సన్యాసమ్మ. జీళ్ళు చేసేది.

జీళ్ళు చెయ్యడమంటే మాటలు కాదర్రా. బెల్లం పాకం ముదరబెట్టాలి, నూనె రాసిన రాతిపలక మీద పొయ్యాలి, వేడి పూర్తిగా ఆరకముందే ముద్ద చేసి, గుంజకి కొట్టిన కొయ్యకి తగిలించి లాగాలి. లాగు, మడత పెట్టు. లాగు, మడత పెట్టు. నల్ల పాకం ఎర్రబడాలి, ఎర్రది పసుపవ్వాలి, పసుపుది బంగారమవ్వాలి. అప్పుడు నువ్వుల్లో దొర్లించి ముక్కలు కొయ్యాలి. లాగీ లాగీ సన్యాసమ్మ బొటనవేలు అప్పడంలా అణిగిపోయింది. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి. మీరు ఊ కొట్టకపోతే కథ కూడా పాకంలా గట్టిపడిపోద్ది, ఇంక సాగదు.

ఆవిడకొక కొడుకు, బోడినాయుడు. మంచోడే గానీ ఒట్టి వెర్రిబాగులోడు. గొడుగు తడిసిపోద్దని చంకలో పెట్టుకుని వానలో నడిచొచ్చే రకం. వాడి పెళ్ళాం గైరమ్మ. ఆ వీధిలోనే పుట్టి, ఆ జీళ్ళే తిని పెరిగి, కోడలిగా వెళ్తే ఆ ఇంటికే వెళ్తానని పంతం పట్టి మరీ వచ్చింది. మొగుణ్ణి చూసి వచ్చిందనుకున్నారా? కాదు, పొయ్యిని చూసొచ్చింది!

ఇలా ఉండగా కోట ఎదురుగా పేరయ్య అనేవాడు కొత్త మిఠాయి కొట్టు పెట్టాడు. రంగు బోర్డు, తళుకు కాగితాలు, గుమ్మంలో ఇద్దరు డప్పులోళ్ళు. ఆ మిఠాయి నోట్లో పెట్టుకుంటే నాలుక ఎర్రబడేది, అంతే. రుచి మాట నన్నడక్కండి. అయినా జనం డప్పెక్కడుంటే అక్కడికే పోతారు కదా. సన్యాసమ్మ పొయ్యి దగ్గర ఈగలు కూడా లేచిపోయి పేరయ్య కొట్టుకి చేరాయి.

అప్పుడు రాజుగారు చాటింపు వేయించారు. రాజుగారమ్మాయికి పెళ్ళి, అత్తారింటికి సారె పంపాలి, మన ఊరి పేరు మీద ఒకే ఒక్క మిఠాయి వెళ్ళాలి. ఏది వెళ్ళాలో రాజుగారి తల్లి, ఆ పెద్దరాణి, తిని చెబుతారు అని. సారె అంటే తెలుసుగా? అమ్మాయి అత్తారి ఊళ్ళో ఇంటింటికీ పంచుతారు. ఆ ఊళ్ళో ప్రతి నోటా మన ఊరి పేరు నానుతుందన్నమాట.

సన్యాసమ్మ ఆ చాటింపు విని, కొయ్యని చేత్తో తడిమి, కోడలితో ఏమందంటే, సారెలో నా జీళ్ళు వెళ్ళకపోతే ఈ కొయ్యని పొయ్యిలో పెట్టేసి, ఆ పొయ్యి కూడా ఆర్పేస్తానే, నా చెయ్యి ఇంకెవరికీ అక్కర్లేదు అంది. గైరమ్మ గబుక్కున కొయ్యకి అడ్డం నిలబడింది. ఆ కొయ్య లేని ఇల్లు అదేం ఇల్లు?

బోడినాయుడు చంకలు గుద్దుకుంటూ, మనం కూడా తళుకు కాగితం చుడదాం అన్నాడు. చుట్టారు. తెల్లారేసరికి ఏమైంది? జీడీ కాగితమూ ఒకటైపోయాయి!

కాగితమా కాగితమా, ఎందుకంటుకున్నావే? జీడికి చెమట పట్టింది. జీడీ జీడీ, ఎందుకు చెమట పట్టావే? గాలాడలేదు. గాలీ గాలీ, ఎందుకాడలేదే? బోడినాయుడు బిగించి చుట్టాడు. బోడినాయుడూ, ఎందుకు బిగించావురా? పేరయ్య బిగించాడు కదా!

అదీ సంగతి. కొన్నవాళ్ళు కాగితంతో సహా నమిలారు. పేరయ్య వీధిలో నిలబడి, "సన్యాసమ్మా, కాగితం బాగా తియ్యగా ఉందట, అదొక్కటే అమ్మరాదూ!" అన్నాడు. వీధంతా నవ్వు. గైరమ్మ చెవులు కాలిపోయాయి. పక్కోడి చొక్కా తొడుక్కుంటే మనకి బిగుతే గదా అనుకుంది.

ఏమన్నావ్? దెయ్యం లేదా ఈ కథలో? ఉంది నాయనా. జీడి తిని పళ్ళంటుకుపోయి మాట్లాడలేక చింతచెట్టు మీద కూర్చుంది. నువ్వు పడుకో.

గైరమ్మ ఆ మర్నాడు ఊరి మీద పడింది. చాకలి గురువులుని అడిగింది, మంత్రసాని బంగారమ్మని అడిగింది, కోట కావలి దళవాయిని అడిగింది. దళవాయి మీసాలు చూస్తే కుక్కలు కూడా తప్పుకునేవి. అన్నా, చిన్నప్పుడు మా అత్త జీళ్ళు తిన్నావుగా, ఏం గుర్తుంది నీకు అంది. ఆయన మీసం దువ్వుకుంటూ ఆలోచించాడు. రుచి మాటెత్తలేదు. పొట్లం కట్టాక మీ అత్త చేతిలో ఒక చిన్నముక్క కొసరు పెట్టేదమ్మా, పొట్లం ఇంట్లో ఇచ్చేయాలి, కొసరు మాత్రం నాదే, దారిలో చప్పరించుకుంటూ వచ్చేవాణ్ణి అన్నాడు. అంతటి మీసాలాయనా చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. చాకలీ అదే మాట. మంత్రసానీ అదే మాట. గైరమ్మకీ గుర్తొచ్చింది. వాళ్ళమ్మ జీళ్ళు తెమ్మని అరవకముందే తనెందుకు పొయ్యి దగ్గరికి పరిగెత్తేదో!

ఇంటికొచ్చి మోదుగాకులు తెప్పించింది. గాలాడేలా వదులుగా పొట్లం కట్టింది, అరటినారతో ముడేసింది. ఆ ముడి మీద చిన్న ఆకులో ఒక చిన్న జీడి చుట్టి కొసరుగా కట్టింది. ఇంకా ఏదో తక్కువైంది. పసుపులో సున్నం కలిపి ఎర్రగా చేసి, అత్తా, నీ వేలిటివ్వు అంది.

"ఏ వేలే?"

"బొటనవేలు."

"ఛీ, ఈ అణిగిపోయిన వేలా? జనం నవ్వుతారే!"

"నవ్వనీ అత్తా. పేరయ్య బోర్డుకి రంగు ఎవడైనా వేస్తాడు. ఈ వేలు తెప్పించమను చూద్దాం."

సన్యాసమ్మ గొణుక్కుంటూనే చెయ్యి చాపింది. వేలు ముంచి ఆకు మీద అద్దింది. ఎర్రగా, గుండ్రంగా, నిండుచందమామలా పడింది. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. జీళ్ళలో తప్ప తన గుర్తు ఎక్కడా చూసుకోని మనిషి కదా.

మరి డప్పు? డప్పెక్కడిది వీళ్ళకి! కొన్నవాళ్ళందరికీ గైరమ్మ ఒకటే మాట చెప్పేది.

"పొట్లం ఇంటికి, కొసరు తెచ్చినోళ్ళకి!"

అంతే. పిల్లలు నేనెళ్తానంటే నేనెళ్తానని కొట్టుకోవడం మొదలెట్టారు. ముసలాళ్ళు కర్రలేసుకుని తామే బయల్దేరారు. డప్పు ఒక వీధికే వినబడుద్ది, ఆ మాట ఊరంతా పాకింది. ఊ?

రుచి చూసే రోజొచ్చింది. పేరయ్య పల్లకిలో బంగారు రంగు పెట్టె తెచ్చాడు, ముందు సన్నాయి. పెద్దరాణి ఒక ముక్క నోట్లో వేసుకుని, బాగుంది, పెట్టె బాగుంది అన్నారు. తర్వాత సన్యాసమ్మ పొట్లం. గుమ్మంలో దళవాయి అందుకుని లోపలికి తీసుకెళ్ళాడు, అత్తాకోడళ్ళు వెనకే వెళ్ళారు. తీరా రాజుగారి ముందు పెడితే ముడి మీద కొసరు లేదు, ఉత్త ఆకే వేలాడుతోంది! నా పొట్లం తాకిందెవరు అని రాజుగారు గర్జించారు. అందరూ దళవాయిని చూశారు. మీసాల నిండా నువ్వులు!

దళవాయి మోకాళ్ళ మీద పడి, మహాప్రభో, చెయ్యి నా మాట వినలేదు, మోసుకొచ్చినోడిదే కదా కొసరు అన్నాడు. రాజుగారి మొహం కందగడ్డైంది. గైరమ్మ ముందుకొచ్చి దండం పెట్టి, తప్పాయనది కాదు, మా కొట్టు ఆనవాయితీ అంది.

పెద్దరాణి చెయ్యెత్తారు. ఆనవాయితీ ఏంటమ్మా అనడిగారు. గైరమ్మ చెప్పింది. పెద్దరాణి వింటూ వింటూ పొట్లం విప్పకుండా పక్కన పెట్టేశారు. సన్యాసమ్మ ప్రాణం పోయినంత పనైంది.

"నేను రాజు కూతురుగా పుట్టాను, రాజు పెళ్ళాన్నయ్యాను, రాజు తల్లినయ్యాను," అన్నారు ఆవిడ. "పొట్లాలన్నీ నా దగ్గరికే వచ్చాయి. కొసరు మాత్రం ఒక్కనాడూ తినలేదమ్మాయ్. ఎవరూ నన్ను కొట్టుకి పంపలేదు."

అని చేతికర్ర అందుకుని లేచారు. పల్లకి వద్దన్నారు. ముందు పెద్దరాణి, వెనక రాజు, వెనక మంత్రి, వెనక దళవాయి, వెనక సన్నాయి మానేసి పేరయ్య. సన్యాసమ్మ పరుగున ముందే వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చుని పొట్లం కట్టి, వేలు అద్ది, కొసరు కట్టి ఇచ్చింది. పెద్దరాణి పొట్లం చంకలో పెట్టుకుని, కొసరు బుగ్గన పెట్టుకుని, వీధి పొడుగునా చప్పరిస్తూ నడిచారు. కోటలో కొడుకు చేతిలో పొట్లం పెట్టి, "ఇదిగో నీది. నాది అయిపోయింది" అన్నారు. పళ్ళు లేని నోటితో ఎంత నవ్వో!

ఇంకేముంది! సారెలో జీళ్ళే వెళ్ళాయి. పొట్లం పొట్లానికీ ఎర్ర వేలిముద్ర, ముడి ముడికీ కొసరు. అత్తారి ఊరివాళ్ళు ఈ వేలెవరిదని అడిగితే, రాజుగారమ్మాయి మా ఊరి సన్యాసమ్మదని చెప్పుకుందట. ఆ మాట విన్నరోజు సన్యాసమ్మ వీధిలో తలెత్తి నడిచింది. నా కోడలు, నా కోడలు అని కనబడినోళ్ళందరికీ చెప్పింది, కుక్కలకి కూడా చెప్పింది. పేరయ్య డప్పులోళ్ళని పంపేసి తనూ కొసరివ్వడం మొదలెట్టాడు, వాడి కొట్టూ నడిచింది. బోడినాయుడికి మోదుగాకులు ఏరే పని ఇచ్చారు. గొడుగు మాత్రం ఇంకా చంకలోనే ఉంది.

చూశారా? పైన ఎంత రంగేసినా, చేసిన చెయ్యి కనబడాలి, మోసినోడి నోరు తియ్యనవ్వాలి. అప్పుడు ఎవరూ పిలవక్కర్లేదు, వాళ్ళే వస్తారు.

కథ కంచి దారి పట్టింది, పొట్లం మనింటికొచ్చింది. మరి కొసరో? అది ఊ కొట్టినోళ్ళకి. చెయ్యి చాపండి, నా కొంగు ముళ్ళో ఉన్నాయి. ఉండండర్రా, తోసుకోకండి, నిద్రపోయినోడి చెయ్యి కూడా చాపి ఉందేంటి!